రెబెక్కమ్మ సాక్ష్యం

దేవుడు చేసిన మేలు గురించి గుడిలో రెబెక్కమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే పాస్టరు సుశీల్ కుమార్ గారు ప్రసంగం కాగితాలు మడిచి బైబిల్లో పెట్టేసుకునేవారు. ఆ పూటకు ఆయనకు ఇక పని లేనట్టే. వాకాడుకు తూర్పున రొయ్యల గుంటలు దాటి, సముద్రం ఇంకో కూతవేటు దూరం ఉందనగా వచ్చే ఆ ఊళ్ళో రేకుల కప్పు గుడి ఒక్కటే, ఆ గుడికి తగిన గొంతూ ఒక్కటే. మైకు ఇవ్వబోతే వద్దనేది. "దేవుడికి చెవుడా ఏంది?" అనేది.

చూడబోతే మనిషి పిడికెడు. మొగుడు పోయినాక నాట్లకూ కోతలకూ పోయి కొడుకు తిమోతిని ఒంటి చేత్తో పెంచింది. ఊళ్ళో ఎవరికి జ్వరం తగిలినా ముందు రెబెక్కమ్మ వచ్చి నెత్తిన చెయ్యి పెట్టాలి, ఆ తర్వాతే మాత్రలు. ఆమె ప్రార్థన వింటే అడుక్కున్నట్టు ఉండదు, నిలదీసినట్టు ఉంటుంది. దేవుడు కూడా ఆమెకు కాస్త జంకుతాడని జనం నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది అబిగయీలు. పుట్టిల్లు దొరవారిసత్రం, చేతిలో కుట్టుపని. నోట్లో నాలుక లేని పిల్ల అని అత్త పదిమందికీ చెప్పి మురిసిపోయేది. నాలుక సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్ల గుండెలో మాత్రం ఐదేళ్ళకు పైగా ఒక మాట ఇరుక్కుపోయి ఉంది. కక్కలేక మింగలేక చస్తోంది.

ఆ మాట కొడుకు క్రాంతి కుమార్ గురించి. వాడు పుట్టిన కొత్తలో పాలు తాగుతూ తాగుతూ నీలంగా మారిపోయేవాడు. నేరేడు పళ్ళు తిన్నట్టు పెదాలు నల్లబడేవి. నెల్లూరులో చూసి మద్రాసు పొమ్మన్నారు. గుండెలో రంధ్రం ఉందన్నారు, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోవలసిన దారి అసలు ఏర్పడనే లేదన్నారు. ఎనిమిదో నెలలో ఆ చిన్న రొమ్ము తెరిచి రంధ్రం మూశారు. దారి లేని చోట ఒక గొట్టం పెట్టి కుట్టారు. బిడ్డ రంగు తేలాడు.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ అబిగయీలును వరండాలో పక్కన కూర్చోబెట్టుకుంది. "బిడ్డ పెరుగుతాడమ్మా, మేం వేసిన గొట్టం పెరగదు. కొన్నేళ్ళకు ఇరుకైపోతుంది. అప్పుడు మళ్ళీ తెరిచి పెద్దది వెయ్యాలి. ఎప్పుడనేది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఏడాదికోసారి తప్పకుండా తీసుకురావాలి" అని నిదానంగా చెప్పింది.

కుట్టుపని చేసే మనిషి గనక అబిగయీలుకు అది ఒక్కసారికే అర్థమైంది. ఎదిగే పిల్లల బట్టలకు ఆమె లోపల గుడ్డ వదిలి కుడుతుంది, పిల్ల పెరిగితే కుట్టు విప్పి వదులు చెయ్యడానికి. గుండెలో గొట్టానికి అలా వదిలే వీలు లేదు. తిమోతి మందుల షాపులో ఉన్నాడు. అత్త వరండా చివర కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతోంది. ఆ మాట విన్నది తను ఒక్కతే.

బస్సులో మొగుడికి సగమే చెప్పింది. "ఏడాదికోసారి చూపించాలంట" అంది. మళ్ళీ కొయ్యాలన్న మాట దాచుకుంది. ఒకసారి ఆ ఆపరేషను గది తలుపు ముందు కూర్చుని లేచిన తల్లి, అంత త్వరగా మళ్ళీ ఆ పేరు ఎత్తగలదా?

ఇంటికొచ్చిన ఆదివారమే కృతజ్ఞత కూడిక పెట్టారు. రెబెక్కమ్మ లేచి, "నా మనవడి గుండెను దేవుడు బాగుచేసినాడు" అంది. అబద్ధమేమీ లేదు. అయితే సాక్ష్యాలు కూడా ఆవకాయ లాంటివే, ఊరేకొద్దీ రుచి ఎక్కుతాయి. మొదటి పుట్టినరోజు నాటికి అది "సంపూర్ణంగా బాగుచేసినాడు" అయింది. మూడో పుట్టినరోజుకు డాక్టరమ్మ కూడా అందులోకి వచ్చి చేరింది. ఆమె చేతులు జోడించి, "ఈ బిడ్డ ఇంక ఆస్పత్రి గడప తొక్కే పనిలేదు" అన్నదట. గుడి అంతా ఆమెన్ అంది. అత్త సాక్ష్యానికి కోడలు ఆమెన్ అనకపోతే బాగుంటుందా? అబిగయీలూ అంది.

ఆ ఏటి నుంచే పరుగు మొదలైంది. ప్రతి పుట్టినరోజు కూడికలో సాక్ష్యం ముగియగానే రెబెక్కమ్మ మనవణ్ణి గుడి వాకిట్లో నిలబెట్టేది. "పరిగెత్తు నాయనా, దేవుడు నీకిచ్చిన గుండె ఎట్టాంటిదో చూపించు" అనేది. వాడు వాకిట్లోంచి పాస్టరు గారి ముందున్న బల్ల దాకా పరిగెత్తి వస్తే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి హల్లెలూయ అనేవాళ్ళు. చాప మీద ముందు వరసలో కూర్చున్న అబిగయీలు ఆ పరుగు ముగిసేదాకా ఊపిరి పీల్చేది కాదు.

ఆస్పత్రికి మొదటి ఏడు తీసుకుపోయారు, బాగుందన్నారు. ఆ తర్వాత ఒక ఏడు కరోనా అడ్డమొచ్చింది. ఇంకో ఏడు తిమోతికి సెలవు దొరకలేదు. తడ దగ్గర కంపెనీలకు కూలిజనాన్ని చేరవేసే బస్సు అతనిది, మానితే ఇంకొకడు సీట్లో కూర్చుంటాడు. ఆపైన ఏ అడ్డమూ అక్కర్లేకపోయింది. "అందరి ముందర సాక్ష్యం చెప్పినాక మళ్ళీ పరీక్షకు పోతే, దేవుడు చేసిన పనికి మనిషి చేత సంతకం పెట్టించుకున్నట్టు గాదా?" అంది రెబెక్కమ్మ. తల్లికీ పెళ్ళానికీ నడుమ తిమోతి అడకత్తెరలో పోకచెక్క. అతను అన్నం ముందునుంచి లేచి బస్సు తుడవడానికి పోయాడు.

అత్తకు భయపడి ఊరుకున్నానని అబిగయీలు తనకు తాను చెప్పుకునేది. అది సగమే నిజం. ఆ సాక్ష్యం నిజమైపోతే ఎంత బాగుండునని ఆమెకూ ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆమె కళ్ళు మూసుకుని ఆమెన్ అంటూ వచ్చింది. గొట్టం మాత్రం ఎవరి ఆమెన్ కోసమూ ఆగలేదు.

ఆరో ఏడు నడుస్తుండగా వాడిలో ఒక కొత్త సరదా కనిపించింది. సరుగుడు తోపు పక్కన పిలకాయలు క్రికెట్ ఆడుతుంటే వీడు ఎప్పుడూ అంపైరే. బ్యాటు ఇస్తే వద్దనేవాడు. రాయి మీద కూర్చుని చెయ్యెత్తి ఔట్ చెప్పేవాడు. "మీవాడు జడ్జీ అయిపోతాడమ్మే" అని దారినపోయేవాళ్ళు అంటే అబిగయీలు నవ్వేది. ఒకరోజు చొక్కాకు గుండీలు కుడుతూ కిటికీలోంచి చూసింది. బంతి వచ్చి వాడి కాళ్ళ దగ్గరే పడింది. లేచి అందించడానికి కూడా వాడు ముందు కాసేపు ఊపిరి తీసుకున్నాడు. అంపైరు పరిగెత్తక్కర్లేదు కదా అన్న ఆలోచన ఆ క్షణాన తట్టింది. సూది వేలిలో దిగింది, ఆమెకు నొప్పి తెలియలేదు.

ఆ పూటనుంచి ఆమెకు వాణ్ణి కనిపెట్టి చూడటమే పని. బడి నుంచి వచ్చి సంచి పడేసి పడుకుంటున్నాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. గోళ్ళ దగ్గర రంగు మారుతోందా, తన కళ్ళకే అలా కనబడుతోందా? పట్టపగలు ఎండలోకి లాక్కెళ్ళి వేళ్ళు తిప్పి తిప్పి చూసేది. "ఏం మా?" అంటే "గోర్లు తియ్యాలిరా" అనేది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ పోయేది అత్త మానం, కొడుకు ప్రాణం. అయినా నోరు లేవలేదు. పుట్టినరోజు దగ్గరికొచ్చింది. కూడిక కాగానే వాకాడులో డాక్టరుకు చూపిస్తానని, పరుగు మాత్రం ఎలాగో తప్పిస్తానని అనుకుంది.

ఆదివారం గుడి నిండిపోయింది. రెబెక్కమ్మ తెల్లచీర కట్టుకుని ఎప్పటికంటే గట్టిగా చెప్పింది. గొంతు రేకులకు తగిలి మోగింది. డాక్టరమ్మ ఈసారి సాక్ష్యంలో ఏకంగా కన్నీళ్ళు పెట్టుకుంది. తర్వాత అత్త చెయ్యి వాకిలి వైపు చాచింది. వాడు అక్కడ నిలబడి ఉన్నాడు, అబిగయీలు కుట్టిన కొత్త చొక్కాలో, ముందే అలిసిపోయిన మొహంతో.

అబిగయీలు సగం లేచింది. "అత్తా, ఈ ఏడు వద్దు..." అంది. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. పక్కామె కొంగు పట్టి కూర్చోమంది. ఆమె కూర్చుంది. అలా కూర్చున్నందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

వాడు పరిగెత్తాడు. సగం దూరం బాగానే వచ్చాడు. తర్వాత నడిచాడు. తర్వాత ఏదో మర్చిపోయినవాడిలా నిలబడి, అమ్మ కోసం వెతికి, చాపల మధ్య కూలబడిపోయాడు. చప్పట్లు అందరికంటే ఆలస్యంగా ఆపింది రెబెక్కమ్మే. వాడి పెదాలు నేరేడు పళ్ళ రంగులో ఉన్నాయి.

పాస్టరు గారి కారులో నెల్లూరుకు, అక్కడినుంచి అంబులెన్సులో మద్రాసుకు. దారిపొడుగునా అబిగయీలు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. ఊపిరి వేలికి తగిలినప్పుడల్లా బతుకుతోంది, తగలడం ఆలస్యమైతే చస్తోంది. ఎదురుగా రెబెక్కమ్మ. ఆ నోరు మూసుకుని ఉండగా చూడటం కోడలికి అదే మొదలు.

అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ, జుట్టు కాస్త నెరిసింది. మానిటరు మీద బొమ్మ చూసి, "గొట్టం లోపల సున్నం పట్టినట్టు గట్టిపడిపోయింది. గుండె దాని మీద తోసి తోసి వాచింది. ఇన్నేళ్ళు ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది. ముగ్గురూ నేల చూశారు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నయమనిపించింది అబిగయీలుకు.

"ఇప్పుడు ఆలస్యం చెయ్యడానికి లేదు. ఒక మాట ముందే చెప్పాలి. ఒకసారి తెరిచిన రొమ్ములో గుండె ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది. రెండోసారి తెరవడమే కష్టం" అంది డాక్టరమ్మ. పాత కుట్టు విప్పి అదే చోట మళ్ళీ కుట్టబోతే గుడ్డ ఎలా చిరుగుతుందో అబిగయీలు చేతులకు తెలుసు. ఆ చేతులను ఒడిలో దాచుకుంది. మొదటిసారి ఏం జరుగుతుందో తెలియక భయపడింది. ఈసారి అన్నీ తెలిసి భయపడుతోంది. తెలిసిన భయం అంతకు పదిరెట్లు.

ఆపరేషను ముందురోజు మధ్యాహ్నం వాడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. "ఎప్పట్నించి కన్నా ఆయాసం?" అని డాక్టరమ్మ అడిగితే మంచం కాళ్ళ దగ్గరున్న అవ్వ వైపు చూసి ఊరుకున్నాడు. ఆమె వెళ్ళిపోయాక అబిగయీలు వాడి చెవి దగ్గర అడిగింది.

"పోయినేడు పరిగెత్తినప్పుడే కండ్లు తిరిగినాయి మా."

"మరి నాకు చెప్పలేదేం రా?"

"చెప్తే అవ్వ సాక్ష్యం అబద్ధమైపోతాది గదా. అందురూ అవ్వను నవ్వుతారు."

గుసగుసగానే అన్నాడు. వినవలసిన మనిషికి వినబడింది. రెబెక్కమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పోయింది.

అబిగయీలు వెనకే పోయింది. ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఈ రోజు అనేస్తాను, డాక్టరమ్మ ఏం చెప్పిందో మొహాన చెప్పేస్తాను, ఏమైనా కానీ అనుకుంది. అత్త వరండా చివర కుళాయి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అత్తా, ఆ రోజు డాక్టరమ్మ నాతో..."

"నాకు తెలుసమ్మే."

"ఏం తెలుసు?"

"గొట్టం పెరగదనీ, మళ్ళీ కొయ్యాలనీ. ఫ్లాస్కు కడగతా ఇన్నా. నీకంటే ముందర నాకే అర్థమయింది."

రెబెక్కమ్మ తల ఎత్తకుండానే చెప్పుకుపోయింది.

"తిమోతి కంటే ముందర నాకొక ఆడబిడ్డ పుట్టింది. మీ మామకు తప్ప ఎవురికీ తెలవదు, కూలికి పోయిన ఊళ్ళో కన్నా. ఇట్టనే పాలు తాగతా తాగతా నీలమయ్యేది. ఎవురన్నా ఏమన్నా అంటారని నోట్లో నోట్లోనే ప్రార్థన చేసుకున్నా. మూడో నెలలో పోయింది. నేను మెల్లగా అడిగినాననే ఆయనకు ఇనపడలేదనుకున్నా. అందుకే ఈడికి పదిమంది ముందర చెప్పేసినా. పదిమంది ముందర చెప్పేస్తే దేవుడు మాట ఎనక్కి తీసుకోలేడు గదా అని. ఏడాదేడాదికీ బయం పెరిగింది. బయం పెరిగేకొద్దీ గట్టిగా చెప్పినా." ఆమె అరచేతులు చూసుకుంది. "పరిగెత్తమన్నది కూడా బయంతోనే. పరిగెత్తినాడంటే ఇంకో ఏడు ఉంటాడని."

అబిగయీలుకు ముందు ఆ మనిషిని కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది, దాచడానికేముంది. బిడ్డ ప్రాణంతో దేవుడితో పందెం ఆడింది ఈమె. అంతలోనే, తెలిసి కూడా ఆమెన్ అన్నది ఎవరని లోపలినుంచి అడిగినట్టయింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాటను ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నారు. వాళ్ళిద్దరినీ కాపాడటానికి ఆరేళ్ళ పిల్లవాడు రాయి మీద కూర్చుని అంపైరింగు చేశాడు. ఆమె అత్త పక్కనే నేల మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు ఉదయం వాణ్ణి తీసుకుపోయారు. తలుపు దాకా అబిగయీలు చెయ్యి వదల్లేదు, తలుపు దగ్గర నర్సు వదిలించింది. తిమోతి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురి గుండెలూ గుభేలుమనేవి, ఎవరో వేరే బిడ్డ పేరు పిలిచేవారు. ఆ వేరే బిడ్డ తల్లి పరుగున పోతుంటే, మొహం చూడకుండా తల తిప్పుకునేది అబిగయీలు. రెబెక్కమ్మ ప్రార్థన చేస్తున్నట్టే లేదు. కోడలి కొంగు చివర పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. ఒకసారి లోపలినుంచి రక్తం సంచులు కావాలని మనిషి పరిగెత్తాడు. ఎవరికోసమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ వచ్చింది. మాస్కు కింద మొహం కనబడలేదు. మాట వచ్చేలోపు అబిగయీలు నూరు చావులు చచ్చింది.

"తెరవడం కష్టమైంది. రక్తం చాలా పోయింది. కొత్తది వేశాం. ఈసారికి గట్టెక్కాడు."

ఈసారికి. ఆ మాట ముగ్గురూ విన్నారు. ఈ దఫా ఎవరూ కుళాయి దగ్గర లేరు.

వాడు ఐసీయూ దాటి వార్డుకు వచ్చిన తర్వాతి ఆదివారం సుశీల్ కుమార్ గారు ఫోన్ చేశారు. గుడి నిండా జనం ఉన్నారట, ఫోను మైకు దగ్గర పెట్టారట. "రెబెక్కమ్మా, దేవుడు రెండోసారి అద్భుతం చేసినాడు. సాక్ష్యం చెప్పమ్మా, అందరూ కాచుకొని ఉండారు" అన్నారు.

తిమోతి ఫోను తల్లి చేతికిచ్చాడు. రెబెక్కమ్మ ఫోనును నోటి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరో దగ్గారు.

"బిడ్డ బతికినాడు, స్తోత్రం" అంది చివరికి, మంచం దాటని గొంతుతో. "ఇది అయిపోయేది గాదంట. పెద్దోడయినాక మళ్ళీ కొయ్యాలంట. ఆ సంగతి డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఆస్పత్రి గడప తొక్కే పనిలేదన్నది నేను కల్పించిన మాట. నాకు బయమయ్యా. ఇప్పుడు కూడా బయమే."

గుడిలో ఎవరూ ఆమెన్ అనలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఫోనులో వినబడింది. ఆమె ఫోను తిమోతికి ఇచ్చేసింది.

మంచం మీదినుంచి క్రాంతి ఆమెనే చూస్తున్నాడు. రొమ్ము మీద కట్టు గడ్డం దాకా ఉంది.

"మళ్ళీనా అవ్వా?"

"మళ్ళీనే నాయనా."

"అప్పుడు కూడా నువ్వు వస్తావా?"

దేవుడి తరఫున ఏ మాటైనా ఇచ్చేయగల మనిషి రెబెక్కమ్మ. ఈసారి మాత్రం ఇవ్వలేదు. ముడతలు పడ్డ చేత్తో వాడి జుట్టు వెనక్కి దువ్వింది.

"తెలవదు నాయనా. మీ అమ్మ ఉంటాది."

అబిగయీలు మంచం దగ్గరికి జరిగి, వాడి పాదాల మీద దుప్పటి సరిచేసింది.